రక్తనాళాల్లో కాల్షియం: తవుడులోని పదార్థంతో చేసిన ఇంజెక్షన్ ఏం చేసింది, ఏం చేయలేదు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగరు వల్ల కిడ్నీలు పాడై ఐదేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఈమధ్య ఎకో తీస్తే గుండెలో అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని కవాటం) మీద కాల్షియం పేరుకుందన్నారు. చేతి ఎక్స్‌రేలో రక్తనాళాలు కూడా తెల్లటి గీతల్లా కనిపిస్తున్నాయట. అమెరికాలో ఉన్న మా అన్నయ్య (పెదనాన్న కొడుకు) ‘ఎస్‌ఎన్‌ఎఫ్472’ అనే ఇంజెక్షన్ గురించి ఒక వ్యాసం పంపాడు. డయాలసిస్ జరుగుతున్నప్పుడే దాన్ని ఎక్కిస్తారట. అది పేరుకున్న కాల్షియాన్ని కరిగిస్తుందా? ఎలాగైనా తెప్పించగలమా? ఆ మందు తవుడులో ఉండే పదార్థమేనని విని మా అత్తయ్య తవుడు కాచిన నీళ్లు పట్టమంటోంది. ఒంట్లో కాల్షియం ఎక్కువై పేరుకుంటుంటే మళ్లీ కాల్షియం బిళ్లలెందుకని అమ్మ పది రోజులుగా వాటిని ఆపేసింది. ఏం చేయాలో తెలియక అందరం టెన్షన్ పడుతున్నాం.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీరు చివర్లో రాసిన విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆలస్యం చేయకూడనిది అదే. అమ్మగారు ఆపేసిన బిళ్లల డబ్బా తీసి పేరు చూడండి. ‘కాల్షియం అసిటేట్’ అని గానీ ‘కాల్షియం కార్బొనేట్’ అని గానీ ఉండి, భోజనంతో పాటు వేసుకోమని చెప్పి ఉంటే, అది ఎముకల బలం కోసం ఇచ్చింది కాదు. తిన్న అన్నంలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టుకుని మలంతో పాటు బయటికి పంపడానికి ఇచ్చిన మందు. దాన్ని ఆపి, బదులు ఇంకొకటి వేయకపోతే రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది. రక్తనాళాలు సున్నం పట్టడానికి పెద్ద కారణాల్లో ఫాస్ఫరస్ ఒకటి. అంటే నాన్నగారికి మేలు చేద్దామనుకుని చేసిన పనే ఆయన సమస్యను పెంచే ప్రమాదం ఉంది. రేపటి డయాలసిస్‌ దాకా ఆగకుండా ఈరోజే యూనిట్‌కు ఫోన్ చేసి, పది రోజులుగా బిళ్లలు వేయలేదని చెప్పండి. తిడతారేమోనని దాచొద్దు. ఆ విషయం తెలియకపోతే వచ్చే నెల రిపోర్టులో ఫాస్ఫరస్ ఎందుకు పెరిగిందో డాక్టరుకు అర్థం కాదు.

అలాగని అమ్మగారి అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. కాల్షియం అసిటేట్ 667 మిల్లీగ్రాముల బిళ్లలో అసలు కాల్షియం 169 మిల్లీగ్రాములు. రోజుకు ఆరేడు బిళ్లలు వేసుకుంటే ఒక గ్రాముకు పైగా కాల్షియం లోపలికి వెళుతుంది. కిడ్నీ పని చేసేవాళ్లకు మిగిలింది మూత్రంలో పోతుంది, మీ నాన్నగారికి ఆ దారి లేదు. రక్తనాళాల్లో కాల్షియం కనిపించినవాళ్లకు ఈ రకం బిళ్లల మోతాదు తగ్గించి, కాల్షియం లేని సెవెలమర్ లాంటి వాటిని కలపడమో, పూర్తిగా వాటికి మార్చడమో డాక్టర్లు చేస్తారు. కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా 2017లో కాల్షియం బిళ్లల మోతాదును పరిమితం చేయమనే చెప్పాయి. కాబట్టి మీరు డాక్టరును అడగాల్సింది ‘ఈ బిళ్లలు ఆపేయమంటారా’ అని కాదు, ‘వీటి బదులు కాల్షియం లేనివి ఇవ్వడం కుదురుతుందా’ అని. సెవెలమర్ ఖరీదు ఎక్కువ. ఇంటి బడ్జెట్‌కు భారమైతే ఆ మాట కూడా మొహమాటం లేకుండా చెప్పండి. రెండూ కలిపి వాడే పద్ధతి ఉంది.

ఇక ఇంజెక్షన్ సంగతి. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు నాన్నగారి రక్తనాళాల్లో జరుగుతున్నదేమిటో చూడాలి. ‘కాల్షియం పేరుకుంది’ అంటే నీళ్ల పైపులో ఉప్పు పేరుకున్నట్టు ఊహించుకుంటాం. అది సగమే నిజం. ఫాస్ఫరస్ చాలాకాలం ఎక్కువగా ఉంటే రక్తనాళపు గోడలోని మృదు కండర కణాలు తమ స్వభావమే మార్చుకుని ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. గోడ మధ్య పొరలో ఎముకలో ఉండే ఖనిజాన్నే, అంటే హైడ్రాక్సీఅపటైట్‌ను పోగు చేస్తాయి. మామూలుగా దీన్ని ఆపే రక్షణ ప్రొటీన్లు కొన్ని మన రక్తంలోనూ రక్తనాళాల గోడల్లోనూ ఉంటాయి. కిడ్నీలు పోయినవాళ్లలో, అందులోనూ షుగరు ఉన్నవాళ్లలో ఆ రక్షణ బలహీనపడుతుంది. చేతి ఎక్స్‌రేలో కనిపించిన తెల్లటి గీతలు ఆ మధ్య పొరలోనివే. రక్తనాళం పూర్తిగా మూసుకుపోవడం కన్నా, సాగే గుణం పోయి గట్టిపడటమే ఇక్కడ ముఖ్యం. దాంతో పై బీపీ పెరిగి కింది బీపీ తగ్గుతుంది, గుండె గోడ మందమవుతుంది. డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనిని సిరతో కలిపే ఫిస్టులా పెట్టాల్సి వచ్చినా, కిడ్నీ మార్పిడికి వెళ్లినా సర్జన్‌కు కుట్టడానికి మెత్తటి రక్తనాళం దొరకడం కష్టమవుతుంది.

ఎస్‌ఎన్‌ఎఫ్472 ఈ కథలో ఒక్క చోటే జోక్యం చేసుకుంటుంది. కణాలు ఎముక కణాల్లా మారడాన్ని అది ఆపదు. ఫాస్ఫరస్‌ను తగ్గించదు. ఖనిజపు స్ఫటికం పుట్టి పెరిగే చివరి మెట్టును మాత్రమే అడ్డుకుంటుంది. పాకంలో దారం వేలాడదీస్తే దాని చుట్టూ పటికబెల్లం గడ్డ కట్టడం చూసే ఉంటారు. ఆ గడ్డ పెరుగుతున్న అంచులకు ఏదైనా అతుక్కుని కప్పేస్తే కొత్త పొర చేరలేదు. ఈ మందు హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికాల మీద చేసేది అదే. ఇందులోంచే మీ మొదటి ప్రశ్నకు జవాబు వస్తుంది. పెరగబోయే దాన్ని నెమ్మదింపజేయడం దీని పని. అప్పటికే గట్టిపడిన రక్తనాళాన్ని మళ్లీ మెత్తగా చేస్తుందని మనుషుల మీద జరిగిన ఏ పరీక్షలోనూ తేలలేదు.

దీని పుట్టుక స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో. బాలియారిక్ దీవుల విశ్వవిద్యాలయంలో ఫైటేట్ అనే పదార్థం మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. గింజల పైపొరల్లో, తవుడులో, పప్పుల్లో, నువ్వుల్లో సహజంగా ఉండే పదార్థం అది. కిడ్నీలో రాళ్లు ఏర్పడకుండా అడ్డుకునే గుణం దానికి ఉందని గమనించిన ఆ పరిశోధనల్లోంచి శానిఫిట్ అనే చిన్న కంపెనీ పుట్టింది. ఫైటేట్‌ను సోడియం లవణంగా శుద్ధి చేసి, సిరలోకి ఎక్కించే మందుగా తయారుచేసింది. తర్వాత 2021లో ఆ కంపెనీని స్విట్జర్లాండ్‌కు చెందిన వైఫర్ ఫార్మా కొనుగోలు చేస్తున్నట్టు ప్రకటించింది. 2022లో వైఫర్‌ను ఆస్ట్రేలియాకు చెందిన సీఎస్ఎల్ కొన్నది.

డయాలసిస్ రోగుల ఒంట్లో ఈ మందు నడిచే తీరు మిగతా మందుల్లా ఉండదు. బిళ్లగా వేసుకుంటే పేగు నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ కాబట్టి సిరలోకి ఎక్కించక తప్పదు. డయాలసిస్ రోగికి వారానికి మూడుసార్లు సూదులు గుచ్చి రక్తాన్ని బయటి ట్యూబుల్లో ఎలాగూ తిప్పుతారు కాబట్టి, కొత్తగా సూది గుచ్చకుండా ఆ ట్యూబులోకే మందును నెమ్మదిగా పంపే పద్ధతి పెట్టారు. నెమ్మదిగా అన్న మాట ముఖ్యం. ఫైటేట్ కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పోతే రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం తగ్గి, గుండె లయ మీద ప్రభావం పడవచ్చు. డయాలసిస్ జరిగే గంటల్లో మెల్లగా ఎక్కిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది.

తొలి దశ పరీక్షల్లో తెలిసిన ఇంకో విషయం, ఎక్కించడం ఆపాక రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికి అరగంట నుంచి గంట పడుతుంది, అంతే. నాలుగు వారాల పాటు పదేపదే ఇచ్చినా రక్తంలో నిల్వ పడలేదు. కిడ్నీలు లేనివాళ్లకు ఇచ్చే ఏ మందుతోనైనా డాక్టర్లను భయపెట్టేది ఒంట్లో పేరుకుపోవడమే కాబట్టి ఇది మంచి వార్తే. మరి గంటలో పోయే మందు రెండు రోజుల పాటు ఎలా పని చేస్తుంది? రక్తంలోంచి పోయినా స్ఫటికాల ఉపరితలం మీద అతుక్కుని ఉంటుందన్నది దీని వెనకున్న ఆలోచన. మందు తీసుకున్న రోగుల ప్లాస్మాను (రక్తంలోని ద్రవ భాగాన్ని) లాబ్‌లో పరీక్షిస్తే, హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికాలు ఏర్పడటం బాగా తగ్గింది. ఎముకలో ఉన్నదీ ఇదే ఖనిజం కాబట్టి ఎముకలు దెబ్బతింటాయేమోనన్న అనుమానం సహజం. ఏడాది పాటు ఇచ్చి ఎముక సాంద్రత కొలిచినప్పుడు, ఉత్తుత్తి మందు (పోలిక కోసం ఇచ్చే, మందు లేని ద్రవం) తీసుకున్నవాళ్లతో పోల్చితే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మీ అన్నయ్య పంపిన వ్యాసం బహుశా ‘కాలిప్సో’ పరీక్ష గురించి అయ్యుంటుంది. 274 మంది డయాలసిస్ రోగులను మూడు గుంపులుగా చేసి ఒక గుంపుకు 300 మిల్లీగ్రాములు, రెండో గుంపుకు 600 మిల్లీగ్రాములు, మూడో గుంపుకు ఉత్తుత్తి మందు, వారానికి మూడుసార్లు చొప్పున 52 వారాలు ఇచ్చారు. మొదట్లోనూ చివర్లోనూ గుండెకు సీటీ స్కాన్ తీసి కాల్షియం కొలిచారు. 2020లో ‘సర్క్యులేషన్’ పత్రికలో అచ్చైన ఫలితాలు ఇవి: గుండె ధమనుల్లో కాల్షియం ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో సగటున 20 శాతం పెరిగితే, అసలు మందు తీసుకున్నవాళ్లలో 11 శాతమే పెరిగింది. అయోర్టిక్ వాల్వ్ మీద తేడా ఇంకా పెద్దది. ఉత్తుత్తి మందు వాళ్లలో 98 శాతం, అసలు మందు వాళ్లలో 14 శాతం పెరిగింది. ఛాతీలోని పెద్ద ధమనిలో మాత్రం నమ్మదగ్గ తేడా రాలేదు.

వాల్వ్ అంకె చూడగానే మీ గుండె ఎగిరి ఉంటుంది, నాన్నగారి సమస్య అదే కదా. కానీ అసలు మందు తీసుకున్నవాళ్లలో కూడా కాల్షియం పెరిగిందన్న సంగతి గమనించండి. 11 శాతం అంటే 11 శాతం తగ్గిందని కాదు, పెరిగిందని. తగ్గింది వేగం మాత్రమే. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ పరీక్ష కొలిచింది స్కాన్‌లో కనిపించే కాల్షియాన్ని. మనుషులు ఎక్కువ కాలం బతికారా, గుండెపోట్లు తగ్గాయా అన్నది తేల్చేంత పెద్ద పరీక్ష కాదది.

ఈ తేడా మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. డయాలసిస్ వైద్యంలో ఈ ఆశాభంగం ఇంతకుముందు జరిగింది. సెవెలమర్ వాడితే, కాల్షియం బిళ్లలతో పోల్చితే, గుండె ధమనుల్లో కాల్షియం పెరగడం తగ్గిందని 2002లో ఒక పరీక్ష చూపించింది. దాని వెనకే రెండు వేల మందికి పైగా రోగులతో జరిగిన ‘డీకోర్’ పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. మొత్తం మీద చూస్తే మరణాల్లో తేడా లేదు. జపాన్‌లో లాంథనమ్ అనే మరో కాల్షియం లేని మందును కాల్షియం కార్బొనేట్‌తో పోల్చిన ‘లాండ్‌మార్క్’ పరీక్ష 2021లో అచ్చైంది. అందులోనూ గుండె జబ్బుల సంఖ్య తగ్గలేదు. రక్తంలో కాల్షియాన్ని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్‌ను అణచే సినకాల్సెట్‌తో 3,883 మంది మీద చేసిన ‘ఇవాల్వ్’ పరీక్ష 2012లో మరణాలు, గుండె జబ్బులు తగ్గించాలన్న తన ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. ఈ మందులు పనికిరానివని నా ఉద్దేశం కాదు. ఇప్పటికీ వాటిని సరైన కారణాలతో వాడుతున్నాం. స్కాన్ బాగుపడగానే మనిషి బాగుపడతాడని అనుకోకూడదని ఈ అనుభవాలన్నీ చెబుతున్నాయి.

ఎస్‌ఎన్‌ఎఫ్472కు కూడా రెండో పరీక్ష ఎదురైంది. కాల్సిఫిలాక్సిస్ అని డయాలసిస్ రోగుల్లో అరుదుగా వచ్చే భయంకరమైన జబ్బు ఉంది. చర్మం కింద చిన్న రక్తనాళాలు సున్నం పట్టి మూసుకుపోయి, చర్మం నల్లబడి పుండవుతుంది, నొప్పి భరించలేనంత ఉంటుంది. ఈ జబ్బున్న 71 మందిని అసలు మందు, ఉత్తుత్తి మందు అని రెండు గుంపులుగా చేసి ‘కాల్సిఫిక్స్’ అనే మూడో దశ పరీక్ష చేశారు. 12 వారాల తర్వాత పుండ్లు మానడంలో, నొప్పి తగ్గడంలో రెండు గుంపులూ మెరుగయ్యాయి. అయితే అసలు మందు తీసుకున్నవాళ్లు ఉత్తుత్తి మందు వాళ్లకన్నా ఎక్కువగా మెరుగవలేదు. ఆ తర్వాతి వారాలతో కలిపి చూస్తే మరణాలు, ఆస్పత్రి చేరికలు మందు గుంపులో తక్కువగా కనిపించాయి. అంత తక్కువ మందిలో వచ్చిన అంకె మీద ఒక చికిత్సను నిలబెట్టలేం.

కాబట్టి ‘తెప్పించగలమా’ అన్న ప్రశ్నకు నా జవాబు: తెప్పించలేం, తెప్పించడానికి ప్రయత్నించొద్దు కూడా. దీన్ని డాక్టరు రాసిచ్చి మెడికల్ షాపులో కొనుక్కునే మందుగా ఆమోదించలేదు. పరీక్షలో చేరిన రోగులకు మాత్రమే ఇచ్చారు. ఎవరైనా ఫోన్ చేసి విదేశాల నుంచి ఈ ఇంజెక్షన్ తెప్పిస్తామని, ముందు ఇంత కట్టమని అంటే అది మోసమే. తోడబుట్టినవాళ్ల కోసం, కన్నవాళ్ల కోసం ఇల్లు తాకట్టు పెట్టడానికైనా సిద్ధపడే మనుషులనే వాళ్లు వెతుక్కుంటారు. ఇలాంటి కొత్త మందు పరీక్ష ఏదైనా మన దేశంలో జరిగితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని వివరాలు నమోదవుతాయి. దాన్ని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పరీక్షలో చేరిన రోగి దగ్గర ప్రయోగ మందుకు డబ్బు తీసుకోవడం న్యాయమైన పద్ధతి కాదని కూడా గుర్తుంచుకోండి.

అత్తయ్యగారి తవుడు నీళ్లు వద్దు. ఆమె తర్కం నాకు అర్థమైంది. మందు తవుడులో ఉన్న పదార్థమే కదా, తవుడే ఇస్తే పోలా అని. నోటితో తీసుకున్న ఫైటేట్ రక్తంలోకి అంతగా చేరదని పైన చెప్పాను, సిరలోకి ఎక్కించినప్పుడు వచ్చే మోతాదుకు తిండి ద్వారా చేరుకోలేం. పైగా వంద గ్రాముల వరి తవుడులో ఫాస్ఫరస్ 1,600 మిల్లీగ్రాములకు పైనే, పొటాషియం సుమారు 1,500 మిల్లీగ్రాములు ఉంటాయి. కాస్తే పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. డయాలసిస్ రోగికి పొటాషియం పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది, అది ముందుగా చెప్పి రాదు. ఈ ఒక్క వాక్యం అత్తయ్యగారికి చదివి వినిపించండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నదేమిటో చెబుతాను, నా దృష్టిలో ఈ ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇదే. ఒక లెక్క చూడండి. మామూలుగా తినే మనిషి రోజుకు సుమారు 1,000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తింటే అందులో 60 శాతం దాకా రక్తంలోకి చేరుతుంది. వారానికి నాలుగు వేల మిల్లీగ్రాములకు పైగా. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కసారికి తీసేది 800 నుంచి 1,000 దాకా. మూడుసార్లకు మూడు వేలు దాటదు. మిగిలిన వెయ్యి పైచిలుకు ప్రతి వారం ఒంట్లో ఉండిపోతుంది. ఆ మిగులును ఆపేది భోజనంతో వేసుకునే ఆ బిళ్లే. అందుకే అది ఎప్పుడు వేసుకుంటున్నారన్నది, ఎన్ని వేసుకుంటున్నారన్న దానికి తీసిపోదు. అన్నం తిన్న రెండు గంటలకు వేసుకుంటే దానికి పట్టుకోవడానికి ఫాస్ఫరస్ ఉండదు. కాల్షియం బిళ్లయితే అలాంటప్పుడు ఊరికే కాల్షియాన్ని రక్తంలోకి పంపుతుంది, మీ అమ్మగారు భయపడింది సరిగ్గా అదే. కంచం ముందు కూర్చోగానే, మొదటి ముద్దలతో పాటు వేసుకోవాలి. ఉదయం రెండు ఇడ్లీలు తిని, మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం తినే మనిషికి మధ్యాహ్నానికి ఎక్కువ బిళ్లలు, ఉదయానికి తక్కువ ఉండాలి. చాలా ఇళ్లలో మూడు పూటలకూ ఒకే లెక్కన వేసేస్తారు. నాన్నగారు ఏ పూట ఏం తింటారో రాసి తీసుకెళ్లి డాక్టరుతో ఆ పంపకం చేయించండి.

డయాలసిస్ ఒక్కపూట కూడా మానకూడదు, నాలుగు గంటలని చెప్పి మూడున్నరకే లేవకూడదు. ఫాస్ఫరస్ రక్తంలోకి ఒంటి లోపలి నుంచి నెమ్మదిగా వస్తుంది కాబట్టి మెషీన్ మీద ఉన్న ఆఖరి అరగంట కూడా పనికొచ్చేదే.

తిండి విషయంలో భయపడి అన్నీ మాన్పించొద్దు. డయాలసిస్‌లో ప్రొటీన్ పోతుంది కాబట్టి ఆయనకు కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. తిండి తగ్గించి ఫాస్ఫరస్ దించితే మనిషి చిక్కిపోతాడు, అది ఇంకా చెడ్డది. గుడ్డు తెల్లసొనలో ప్రొటీన్ బాగా ఉండి ఫాస్ఫరస్ చాలా తక్కువ. రోజూ పెట్టవచ్చు. పప్పులో ఫాస్ఫరస్ ఉన్నా చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది కాబట్టి మాంసంలోని దానికన్నా తక్కువగా ఒంటికి పడుతుంది. పొటాషియం రిపోర్టును బట్టి ఎంత పెట్టాలో డైటీషియన్ చెబుతారు. తగ్గించాల్సినవి కోవా స్వీట్లు, ఎక్కువ పాలు, ముళ్లతో పాటు నమిలే మెత్తళ్లు, ఎండు చేపలు. పూర్తిగా మానాల్సినవి నల్లటి కూల్‌డ్రింకులు, నిల్వ ఉండేందుకు ఫాస్ఫేట్ కలిపిన ప్యాకెట్ మాంసం, ప్రాసెస్డ్ చీజ్ లాంటివి. ఇలా కలిపిన ఫాస్ఫేట్ దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది. నీరసంగా ఉన్నారని గ్లాసుల కొద్దీ రాగి జావ పట్టడం కూడా మన ఇళ్లలో ఉంది. అది అడగకుండా చేయొద్దు.

ఈసారి డాక్టరును కలిసినప్పుడు డయాలసిస్ ద్రవంలో కాల్షియం ఎంత పెడుతున్నారో అడగండి. లీటరుకు 1.25 నుంచి 1.5 మిల్లీమోల్స్ మధ్య ఉండటం మంచిదని మార్గదర్శకాలు చెబుతాయి. 1.75 వాడే చోట్లూ ఉన్నాయి. నాన్నగారికి ఏది తగినదన్నది ఆయన రక్తంలోని కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ అంకెలు, మెషీన్ మీద బీపీ పడిపోతుందా లేదా అన్నవి చూసి నిర్ణయించాలి. కాల్సిట్రియాల్ లాంటి విటమిన్ డి బిళ్ల వాడుతుంటే అది పేగు నుంచి కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నూ ఎక్కువగా లాగుతుంది, దాని మోతాదు కూడా ఇప్పుడు మళ్లీ చూడాలి. అలాగే రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటి మందు ఏదైనా ఇస్తున్నారేమో చూడండి. రక్తనాళాలను కాపాడే ప్రొటీన్లలో ఒకటి విటమిన్ కె లేనిదే పని చేయదు, వార్ఫరిన్ ఆ విటమిన్‌కే అడ్డుపడుతుంది. దాన్ని మీరుగా ఆపితే పక్షవాతం రావచ్చు కాబట్టి చేతులు పెట్టొద్దు. వాడుతున్న సంగతి మాత్రం కిడ్నీ డాక్టరుకు, గుండె డాక్టరుకు ఇద్దరికీ తెలిసి ఉండాలి.

వాల్వ్ గురించి ఎకో రిపోర్టులో ‘స్టెనోసిస్’ (ఇరుకవడం) అన్న మాట ఉందో లేదో చూడండి. కాల్షియం ఉన్నా వాల్వ్ బాగానే తెరుచుకుంటుంటే ఇప్పటికి కంగారు లేదు. ఇరుకైతే ఎంత ఇరుకైందో గుండె డాక్టరు కొలిచి చెబుతారు. డయాలసిస్ రోగుల్లో ఇది మిగతావాళ్లకన్నా వేగంగా ముదురుతుంది కాబట్టి మళ్లీ ఎకో ఎప్పుడన్నది ఇప్పుడే తేదీ వేయించుకోండి. నడిస్తే ఆయాసం, గుండెలో పట్టేసినట్టు ఉండటం, కళ్లు తిరిగి పడిపోవడం, ఇదివరకు లేనిది మెషీన్ మీద బీపీ బాగా పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ తేదీ దాకా ఆగొద్దు. వాల్వ్ బాగా ఇరుకైనప్పుడు దాన్ని మార్చే చికిత్స ఉంది, కాలి రక్తనాళం గుండా మార్చే పద్ధతి కూడా వచ్చింది. డయాలసిస్ రోగుల్లో ప్రమాదం ఎక్కువే అయినా దారి మూసుకుపోలేదు.

ఇంకొక్కటి, అమ్మగారికి ప్రత్యేకంగా చెప్పండి. నాన్నగారికి స్నానం చేయించేటప్పుడు పొట్ట, తొడలు, పిరుదులు, కాలి పిక్కలు చూస్తుండాలి. అక్కడ ఊదా రంగు మచ్చ గానీ, వల అల్లినట్టు నల్లటి గీతలు గానీ, గట్టి గడ్డ గానీ వచ్చి ముట్టుకుంటే విపరీతంగా నొప్పి ఉందంటే అది పైన చెప్పిన కాల్సిఫిలాక్సిస్ కావచ్చు. షుగరు పుండని ఇంట్లో మందు పూయకుండా, ఎవరో కోసి శుభ్రం చేస్తామన్నా ఒప్పుకోకుండా, అదే రోజు కిడ్నీ డాక్టరుకు చూపించండి.